పందికొక్కుల స్ప్రింగు ట్రాప్‌ బిగించడానికి ఏ పట్టకారు కొనాలి, ఎలా వాడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: బొబ్బిలి దగ్గర మీకు ధాన్యం గోదాము, దాని పక్కనే కోళ్ల షెడ్డు ఉన్నాయి. పందికొక్కులు గోడ పునాది కింద తవ్వేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో నాలుగున్నర అంగుళాల చదరపు ట్రాప్‌లు నాలుగు తెప్పించారు. వాటిలో రెండింటికి ఒక స్ప్రింగు, రెండింటికి రెండు స్ప్రింగులు ఉన్నాయి. చేత్తో బిగిస్తుంటే జారి మీ నాన్నగారి చూపుడు వేలు నలిగింది. ఇప్పుడు బిగించే పట్టకారు ఏది కొనాలి, ఎలా వాడాలి, పొలం గట్టు మీద కూడా పెట్టుకోవచ్చా అన్నారు.

ముందు జవాబు చెప్తాను. మొత్తం 16 అంగుళాల పొడవుండి, నొక్కాక అలాగే ఆగిపోయే లాక్‌ ఉన్న పట్టకారు తీసుకోండి. కొనడం కంటే మీ ఊరి వెల్డింగ్‌ షాపులో చేయించుకోవడమే మంచిది, కొలతలు కింద ఇస్తున్నాను. దాన్ని ఒంటి చేత్తో, అదీ ఎడమ చేత్తో వాడడం వచ్చేదాకా ట్రాప్‌ను గోదాములోకి తీసుకెళ్లకండి. పొలం గట్టు మీద మాత్రం ఈ ట్రాప్‌ వద్దు. గోదాము లోపల, తలుపు వేసి, పెట్టెలో పెట్టి మాత్రమే వాడండి.

నేను 20 ఏళ్లకు పైగా విజయనగరం, చీపురుపల్లి, రాజాం చుట్టుపక్కల రైసు మిల్లుల్లో, కోళ్ల ఫారాల్లో ఎలుకల నివారణ పని చేస్తున్నాను. ఈ రకం ట్రాప్‌ నా చేతిని కూడా పట్టింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఈ ట్రాప్‌ మన ఇళ్లలో వాడే చెక్క ఎలుకల ట్రాప్‌ లాంటిది కాదు. కెనడాలో బొచ్చు కోసం జంతువులను పట్టే ఫ్రాంక్‌ కానిబేర్‌ అనే ఆయన దీన్ని తయారు చేశాడు. అంతకు ముందు వాడే ఇనప దవడల ట్రాప్‌లో కాలు ఇరుక్కుని జంతువు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి విలవిల్లాడేది. అది చూడలేక, మెడనో ఛాతీనో ఒక్కసారిగా నొక్కి వెంటనే చంపేసేలా ఇది చేశాడు. 1950ల చివర్లో మార్కెట్‌లోకి వచ్చింది. అక్కడ సైజులకు నంబర్లు ఉంటాయి. మీ దగ్గరున్న నాలుగున్నర అంగుళాలది ఒక స్ప్రింగైతే 110, రెండు స్ప్రింగులైతే 120. 7 అంగుళాలది 220, 10 అంగుళాలది 330. 110ని అక్కడ మస్క్‌రాట్‌ అనే నీటి ఎలుక కోసం వాడతారు. అది సుమారు కిలో బరువుంటుంది, మన పెద్ద పందికొక్కు కూడా ఇంచుమించు అంతే. అందుకని సైజు విషయంలో మీరు పొరపాటు పడలేదు. ఇంటి ఎలుకలకు, చిట్టెలుకలకు మాత్రం ఇది పనికిరాదు, మధ్యలోంచి దూరిపోతాయి.

ఇక ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే పట్టకారు ఎందుకో అర్థమవుతుంది. రెండు చదరపు చట్రాలు పక్కల దగ్గర కలిసి కత్తెరలా తిరుగుతాయి. స్ప్రింగు రెండు కొనలకూ రింగులుంటాయి, ఆ రింగులు చట్రాలను చుట్టి ఉంటాయి. స్ప్రింగు విచ్చుకుంటే రింగులు చట్రం కడ్డీల వెంట జారుకుంటూ పోయి చట్రాలను తిప్పేస్తాయి. లోపల ఏమున్నా నలిగిపోతుంది. అయితే అసలు సంగతి ఇక్కడుంది: పట్టేశాక కూడా స్ప్రింగు నొక్కుతూనే ఉంటుంది. చెక్క ట్రాప్‌లో వేలు పడితే కమ్మీ ఎత్తి తీసేస్తాం. ఇందులో చట్రాన్ని ఎంత లాగినా రాదు, ఎందుకంటే రింగులు దాన్ని చివర్ల దగ్గర బిగించి పట్టుకుని ఉంటాయి. స్ప్రింగు రెండు కాళ్లనూ దగ్గరికి నొక్కి రింగులను వెనక్కి తెస్తే తప్ప వదలదు. చెయ్యి ఇరుక్కున్నవాడు ఆ నొప్పిలో కంగారుపడి చట్రాన్నే లాగుతాడు, ఇంకా నలుగుతుంది.

నాకు జరిగింది చెప్తాను. 2009లో ఒక మిల్లులో, తవుడు గది వెనక, 7 అంగుళాల ట్రాప్‌ను తాడుతో బిగిస్తున్నాను. ఒక స్ప్రింగుకు కొక్కెం వేశాను, రెండోది సగం నొక్కాను, తాడు జారింది. ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు రెండూ లోపల. పట్టకారు ఉంది, కానీ బయట బండి డిక్కీలో ఉంది. మిల్లు ఆడుతుంటే ఆ చప్పుడులో నా కేక ఎవరికి వినిపిస్తుంది? ట్రాప్‌ను చేతికి వేలాడదీసుకుని నడిచి బయటికొచ్చాను. హమాలీ ఒకాయన చూసి పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో స్ప్రింగు నొక్కితే వదిలింది. బొటనవేలి ఎముక చిట్లింది. ఇప్పటికీ చలికాలం తెల్లవారుజామున ఆ వేలు సరిగ్గా వంగదు. ఆ రోజు నుంచి పట్టకారు నా నడుం బెల్టుకు వేలాడుతుంది. అందుకే దాన్ని బిగించే పనిముట్టుగా కంటే విడిపించే పనిముట్టుగా చూడమంటాను. కొనేటప్పుడు ఆ దృష్టితోనే కొనండి.

పట్టకారు ఎలా ఉండాలి

రెండు పొడవాటి చేతులు, మధ్యలో ఒక బోల్టు, ముందు కొసల్లో కొక్కేలు: అంతే దీని రూపం. కమ్మరి కొలిమి పట్టకారు గుర్తొస్తుంది. కొక్కేలు స్ప్రింగు రింగుల పక్కన పడతాయి. పిడులు దగ్గరికి నొక్కితే స్ప్రింగు కాళ్లు దగ్గరికొస్తాయి.

చాలామంది పొడవు ఎక్కువైతే మంచిదనుకుంటారు. బలం దాకా నిజమే. బోల్టు నుంచి కొక్కేనికి 4 అంగుళాలు, పిడి చివరికి 16 అంగుళాలు ఉంటే మీరు 10 కిలోలు నొక్కితే అక్కడ 40 కిలోలు పడుతుంది. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. కొక్కేలు 5 అంగుళాలు తెరుచుకోవాలంటే ఆ పిడులు నాలుగింతలు, అంటే 20 అంగుళాలు తెరుచుకోవాలి. అంత వెడల్పు రెండు చేతులూ చాస్తేనే అందుతుంది. ఒక చెయ్యి ట్రాప్‌లో ఉంటే ఎలా? అందుకే మీ నాలుగున్నర అంగుళాల ట్రాప్‌కు 4కు 12 చాలు. మొత్తం 16 అంగుళాలు, మూడింతల బలం. స్ప్రింగు పూర్తిగా విచ్చుకున్నప్పుడు కూడా పిడులు 15 అంగుళాలు మించవు. 7 అంగుళాల ట్రాప్‌ వాడేవాళ్లకు పొడుగాటిది కావాలి, మీకు ఆ ట్రాప్‌తో పని లేదు.

వెల్డింగ్‌ షాపులో చేయించేటప్పుడు ఇవి చూసుకోండి. చేతులకు 10 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ, లేదా 20 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం పట్టీ. బోల్టు 8 మిల్లీమీటర్లది, నైలాన్‌ నట్టుతో. రివెట్టు వద్దు, ఏడాదికి వదులవుతుంది, వదులైన పట్టకారు స్ప్రింగు మీద పక్కకి మెలితిరుగుతుంది. కొక్కెం కొస లోపలికి ముప్పావు అంగుళమైనా వంగి ఉండాలి. నేను చూసిన ఆన్‌లైన్‌ పట్టకార్లలో ఎక్కువ వాటికి ఈ వంపు చాలదు, స్ప్రింగు గుండ్రటి కడ్డీ మీంచి జారిపోతాయి. మీ ట్రాప్‌ను షాపుకు పట్టుకెళ్లి, దాని మీదే పెట్టి చూసి వంచమనండి.

పిడి చివర లాక్‌ కోసం పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఒక పిడికి గట్టి కడ్డీతో చేసిన చదరపు రింగు వదులుగా వేలాడదీయించండి. పిడులు దగ్గరికొచ్చాక ఆ రింగును రెండో పిడి మీదికి తోస్తే చాలు. నా పట్టకారు విజయనగరం కోట దగ్గర ఒక వెల్డింగ్‌ షాపులో చేయించుకున్నదే. పిడులకు పాత సైకిల్‌ ట్యూబు ముక్కలు తొడిగాను. చెమట చేత్తో పట్టినా జారదు.

చౌకగా ఇంకో దారి ఉంది, తాడు. నాలుగైదు అడుగుల గట్టి నైలాన్‌ తాడుకు ఒక కొసన పాదం పట్టేంత ముడి వేసి, రెండో కొసను రెండు రింగుల్లోంచి రెండుసార్లు తిప్పి, ముడిలో కాలు పెట్టి పైకి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది. పనిచేస్తుంది. కానీ నా వేలు నలిగింది తాడుతోనే, పాత తాడు మెత్తబడి జారింది. జేబులో ఒకటి ఉంచుకోండి, పట్టకారు అందకపోతే పనికొస్తుంది. రోజూ బిగించడానికి మాత్రం వద్దు.

బిగించే వరుస

మొదట ఇంటి అరుగు మీద, పగటి వెలుతురులో, పిల్లల్ని, కుక్కని లోపల పెట్టి మొదలుపెట్టండి.

ట్రాప్‌ను నేల మీద పరిచి, స్ప్రింగు మీ వైపు ఉండేలా పెట్టుకోండి. పట్టకారు కొక్కేలు రింగులకు ఆనుకుని వెయ్యండి, స్ప్రింగు కాళ్ల మధ్యలో కాదు. మధ్యలో వేస్తే రెండింతల బలం కావాలి, పైగా జారుతుంది. మెల్లగా నొక్కండి. స్ప్రింగు కాళ్లు దగ్గరికొచ్చి రింగులు పక్క కీలు దగ్గరికి చేరాక చట్రాలు వదులవుతాయి. అప్పుడు లాక్‌ రింగు వెయ్యండి. రెండు స్ప్రింగుల దానికి ప్రతి స్ప్రింగుకూ దాన్ని ముడిచి పట్టి ఉంచే చిన్న కొక్కెం ఉంటే అది వేసి, రెండో స్ప్రింగు కూడా అలాగే చెయ్యండి. మీ ట్రాప్‌లకు కొక్కేలు రాలేదన్నారు. ఈ చిన్న సైజుల్లో చాలావాటికి రావు. గట్టి తీగతో చేయించుకోవచ్చు. అవి చేయించేదాకా రెండు స్ప్రింగులవి పక్కన పెట్టి, ఒక స్ప్రింగువి మాత్రమే వాడండి.

ఇప్పుడు రెండు చట్రాలనూ ఒకదాని మీద ఒకటి పడేలా మడిచి, పైనున్న నాలుక (ఒక చట్రానికి ఉండే గాట్ల చిన్న పట్టీ) గాటులో తీగల మీట (జంతువు తగిలితే జారేది) కొసను ఆనించండి. గాట్లు రెండుంటే లోతు తక్కువున్నది తేలిగ్గా పడుతుంది. మొదట్లో లోతైన దానిలోనే పెట్టండి. ఈ పని చేసేటప్పుడు వేళ్లు చట్రం బయటి అంచు మీదే ఉండాలి, చదరం లోపలికి ఒక్క వేలూ పోకూడదు. ఇక్కడే మీ నాన్నగారి వేలు నలిగి ఉంటుంది, నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ ఇక్కడివే.

తరవాత, మీట పడ్డ వైపు రెండు చట్రాలనూ కలిపి ఒక క్లిప్పు పెట్టండి. గట్టి తీగను ఆంగ్ల అక్షరం సీ ఆకారంలో వంచినా చాలు. ఆ క్లిప్పు ఉన్నంతసేపు మీట జారినా చట్రాలు తెరుచుకోలేవు. ఇప్పుడు పట్టకారు లాక్‌ తీసి, మెల్లగా వదలండి. స్ప్రింగు బరువు మీట మీదికి వస్తుంది, టిక్కుమని ఒక చిన్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వచ్చాక ఒక నిమిషం ముట్టుకోకుండా చూడండి.

పెట్టెలో పెట్టి, గొలుసు మేకుకు తగిలించి, స్ప్రింగు కొక్కెం తీసి, అన్నిటికంటే చివర్న క్లిప్పు తీయాలి. తీసేటప్పుడు ట్రాప్‌ వెనక వైపు నుంచి, పట్టకారు కొసతో తీయండి, చేత్తో కాదు. పొద్దున్న విప్పేటప్పుడు ఇదే వరుస తిరగేసి: ముందు క్లిప్పు, తరవాత పట్టకారు, ఆఖర్న మీట.

విడిపించుకోవడం నేర్చుకోండి

ఇది ఎవరూ చెయ్యరు, అందుకే బతిమాలి చెప్తున్నాను. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కను ట్రాప్‌లో పట్టించండి. అది మీ కుడి చెయ్యి అనుకోండి. ఇప్పుడు ఎడమ చేత్తో మాత్రమే దాన్ని విడిపించాలి. పట్టకారు కొక్కేలు స్ప్రింగు మీద వేసి, ఒక పిడిని నేలకు ఆనించి దాని మీద కాలు పెట్టండి. రెండో పిడిని ఎడమ అరచేత్తో, శరీరం బరువంతా వేసి కిందికి నొక్కండి. వదులుతుంది. రెండు స్ప్రింగుల దాంట్లో ఒకటి నొక్కి కొక్కెం వేసి, తరవాత రెండోది. పదిసార్లు చెయ్యండి. మీ నాన్నగారి చేత కూడా చేయించండి, వేలు మానాక. ఆయన అలా చెయ్యలేకపోతే ఆ ట్రాప్‌ ఆయన ముట్టుకోకూడదు. ఆయనకు చెక్క ట్రాప్‌లు, పంజరం బోన్లు చాలు.

ఎక్కడ పెట్టాలి

గోదాము లోపల, గోడ వారన, పందికొక్కు నడిచే దారిలో. ఆ దారి మీకు కనిపిస్తుంది: గోడ అడుగున నూనె పూసినట్టు నల్లటి చార, అక్కడక్కడా పెంటికలు, తాజా మట్టి. ఏ కన్నం వాడుకలో ఉందో తెలియకపోతే సాయంత్రం అన్ని కన్నాలనూ తడిమట్టితో మూసెయ్యండి. పొద్దున్నకు తెరిచినవే వాడుకలో ఉన్నవి. వాటి దగ్గరే పని.

చెక్కతో రెండడుగుల పొడవు, 6 అంగుళాల లోపలి వెడల్పుతో పెట్టె చేయించండి. ఒక కొసన 3 అంగుళాల కన్నం, పక్క గోడలకు స్ప్రింగు బయటికి రావడానికి నిలువు గాట్లు. మూతకు తాళం. మొదటి మూడు రాత్రులు ట్రాప్‌ బిగించకుండా ఊరికే లోపల పెట్టి, వెనక కాల్చిన కొబ్బరి ముక్కో ఎండు చేపో పెట్టండి. కొత్త వస్తువు చూస్తే పందికొక్కుకు అనుమానం, రెండు మూడు రోజులకు గానీ దగ్గరికి రాదు. తిండి మాయమవడం మొదలయ్యాక నాలుగో రాత్రి బిగించండి. కొత్త ట్రాప్‌కు ఫ్యాక్టరీ నూనె వాసన ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి, తుమ్మ బెరడు వేసిన నీళ్లలో అరగంట మరిగించండి. వాసన పోతుంది, ఇనుము నల్లబడి తుప్పు కూడా అంత తొందరగా పట్టదు.

పెట్టె ఎందుకని ఇంత పట్టు పడుతున్నానంటే, ఒక మిల్లులో బస్తాల వెనక పెట్టె లేకుండా ట్రాప్‌ పెట్టాను. పొద్దున్న చూస్తే మిల్లు పిల్లి. బస్తాల సందులో నాలుగు పిల్లలు, కళ్లు అప్పుడే తెరిచాయి. ఆ పిల్లి ఏడాది పొడుగునా పట్టే ఎలుకల ముందు నా ట్రాప్‌లు ఏపాటివి? ఆ నాలుగింటినీ ఇంటికి తెచ్చి మా ఆవిడ దూదితో పాలు పట్టింది, రెండు బతికాయి. ఆ తరవాత పెట్టె లేకుండా ఎక్కడా పెట్టలేదు. మీ కోళ్ల షెడ్డు లోపల కూడా వద్దు. కోడి ఏ కన్నంలోనైనా తల పెడుతుంది.

పొలం గట్టు సంగతి

గట్టు మీద పెట్టెలో పెట్టినా వద్దంటున్నాను. 3 అంగుళాల కన్నంలోంచి ముంగిస సులువుగా దూరుతుంది. ఉడుము పిల్ల దూరుతుంది. మన వైపు తోటల్లో, గట్ల మీద పునుగు పిల్లి తిరుగుతుంది. ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఆ చట్టంలో వేటంటే చంపడమే కాదు, ఉచ్చు పెట్టి పట్టడం, పట్టబోవడం కూడా. 2022 సవరణ తరవాత సాధారణ నేరానికే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మొదటి షెడ్యూలు జంతువైతే మూడు నుంచి ఏడేళ్లు. ఎలుకలు ఒకప్పుడు హానికర జంతువుల జాబితాలో ఉండేవి, ఆ సవరణతో జాబితానే తీసేశారు. పందికొక్కును పట్టడం నేరం కాదు, కానీ ట్రాప్‌కు పందికొక్కు ఏదో ముంగిస ఏదో తెలియదు కదా. ముంగిస, ఉడుము, గుడ్లగూబ మీ పొలంలో జీతం లేకుండా ఎలుకలను పట్టేవి. వాటిని మనమే పోగొట్టుకుంటే ఇక ఏ మందూ సరిపోదు.

పొలానికి ఎలుకలు పట్టే వెదురు బుట్టలే మంచివి. నేను ఎకరానికి 20 దాకా పెట్టిస్తాను. నాట్లు పడ్డాక, పైరు పొట్ట దశకు రాకముందే మొదలుపెట్టాలి. పొట్ట దశ దాటాక గింజ రుచి తెలిసిన ఎలుక ఎరకు రాదు. గట్లు సన్నగా చెక్కించుకోండి. లావు గట్టులో కలుగు తవ్వడం ఎలుకకు తేలిక. ఒక్క మీ మడిలోనే చేస్తే లాభం లేదు, పక్క రైతులతో మాట్లాడి అందరూ ఒకే వారంలో చెయ్యండి.

చచ్చిన దాన్ని తీయడం

ట్రాప్‌లను రోజూ తెల్లారగానే చూడాలి. ఎప్పుడైనా సరిగ్గా పడక ప్రాణంతో ఉంటే దాన్ని అలా వదిలెయ్యడం పాపం, వెంటనే ముగించాలి. రబ్బరు గ్లవ్స్‌ వేసుకుని, పట్టకారుతో స్ప్రింగు నొక్కి, తోక పట్టి తీసి, రెండడుగుల లోతున పాతిపెట్టండి. కాలువలో పడెయ్యకండి. వానాకాలం ఎలుక మూత్రం తగిలిన నీళ్లతో ఎలుక జ్వరం వస్తుంది, చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. మీ నాన్నగారి వేలి గాయం పూర్తిగా మానేదాకా ఆయన్ని గోదాములో తడి పనికి పంపకండి. టెటనస్‌ ఇంజెక్షన్‌ వేయించారో లేదో రాయలేదు, వేయించకపోతే ఈ రోజే వేయించండి. వేలు వాపు తగ్గకపోయినా, కొస తిమ్మిరిగా ఉన్నా ఎక్స్‌రే తీయించండి. నేను వారం ఆలస్యం చేశాను.

పట్టకారు చేయించాక కొక్కేల ఫొటో ఒకటి పెట్టండి. వంపు సరిపోయిందో లేదో చూసి చెప్తాను, అప్పటిదాకా ట్రాప్‌లు నాలుగూ బిగించకుండా పక్కన ఉంచండి.